నాలుగిళ్లతో మొదలుపెట్టండి: మానసిక జబ్బు వచ్చిన కుటుంబాలు ఒకరికొకరు తోడు నిలిచే విధానం

మాది గుంటూరు బ్రాడీపేట. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా అని డాక్టరు గారు చెప్పిన రోజు మా అమ్మ అడిగిన మొదటి మాట "వీధిలో ఎవరికీ తెలియనక్కర్లేదు కదండీ?" అని. తగ్గుతుందా అన్న ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది. అప్పటి నుంచి ఆరేళ్లు మా ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క పెళ్లికి వెళ్లలేదు. ఒకరు వాడి దగ్గర ఉండిపోయేవాళ్లం. చుట్టాలొస్తే హైదరాబాదులో కోచింగ్‌లో ఉన్నాడని చెప్పేవాళ్లం. వాడు వెనక గదిలోనే ఉండేవాడు, మా మాటలు వాడికి వినపడేవి.

మా ఇంటికి రెండు లైన్ల అవతల అదే జబ్బుతో ఒక అమ్మాయి ఉందని ఆ ఆరేళ్లూ మాకు తెలియదు. ఒకరోజు మందుల షాపులో వాళ్ల నాన్నగారు, నేను పక్కపక్కన నిలబడ్డాం. కౌంటరు మీద రెండు చీటీలు, రెండింటి మీదా ఒకే మందు. ఆయన నా చీటీ చూశారు, నేను ఆయన చీటీ చూశాను. బయటికొచ్చి కొబ్బరి బోండాల బండి దగ్గర నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. మా బృందం ఆ బండి దగ్గరే పుట్టింది.

గుంటూరులో గానీ విజయవాడలో గానీ మీ వీధిలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే ఏ వరసలో ఏం చేయాలో రాస్తున్నాను. ఒక్క సంగతి ముందే చెబుతాను. చాలామంది అవగాహన ర్యాలీతో మొదలుపెడతారు. బ్యానరు కడతారు, ఫొటో దిగుతారు, మర్నాటికి ఏమీ మిగలదు. నాలుగు కుటుంబాలు ఒక గదిలో కూర్చుని నోరు విప్పడమే మొదటి పని. వీధిలోకి వెళ్లి చెప్పే ధైర్యం ఆ గదిలోంచే వస్తుంది.

మనం కొద్దిమందిమేనేమో అని వెనకాడకండి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ పన్నెండింట్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా మన వీధి లెక్క మరీ వేరుగా ఉంటుందని నేను అనుకోను. వాళ్లలో చాలామంది ఏ వైద్యమూ అందనివాళ్లే.

కుటుంబాన్ని వైద్యంలో కలుపుకోవడం మనకు కొత్తదీ కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు ఇంటివాళ్లనూ ఉండమన్నారు. ఆ తర్వాత వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి కూడా ఇంటివాళ్లను రోగి పక్కనే ఉంచి వైద్యం చేసింది. రోగిని గోడల వెనక పెట్టి ఇంటివాళ్లను గేటు బయట నిలబెట్టడం మామూలుగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద మార్పు.

మొదటి అడుగు: ముందు మీ ఇంటి ఫైలు

ఇంకొకరికి తోడు వెళ్లే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఒక ఫైలు కొనండి. చీటీలన్నీ తేదీల వరసలో పెట్టండి. ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, దేనికి నిద్ర ఎక్కువైంది, దేనికి చెయ్యి వణికింది, ఎప్పుడు మానేస్తే ఏమైంది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. పాత ఆస్పత్రి కాగితాలు లేకపోతే అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 25 ప్రకారం తన వైద్య రికార్డులు పొందే హక్కు రోగికి ఉంది.

ఆ నోటుబుక్కులో అన్నిటికన్నా విలువైన పేజీ 'ముందస్తు గుర్తులు'. జబ్బు తిరగబెట్టే ముందు ప్రతి మనిషిలోనూ ఏదో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. నిద్ర తగ్గడం, స్నానం మానేయడం, టీవీలో తన గురించే చెబుతున్నారనడం చాలామందిలో ఉండేవి. మావాడి గుర్తు వేరు. వరండాలో ఉన్న అందరి చెప్పులూ గోడవైపు తిప్పి పెడతాడు. మొదట్లో అదేదో సర్దుడు అనుకున్నాం. మూడుసార్లు ఆస్పత్రిపాలయ్యాక నోటుబుక్కు తిరగేస్తే, మూడుసార్లూ పది పన్నెండు రోజుల ముందు 'చెప్పులు' అన్న మాట కనిపించింది. ఇప్పుడు చెప్పులు తిరిగిన రోజే డాక్టరు గారికి ఫోన్ చేస్తాం. ఆ తర్వాత వాడు ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది.

రెండో అడుగు: ఆ నాలుగిళ్లను వెతకడం

ఇల్లిల్లూ తిరగకండి. "మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?" అని తలుపు తట్టి అడిగితే ఉన్నవాళ్లు కూడా లేదనే చెబుతారు. వాళ్లంతట వాళ్లు వచ్చే చోట మనం కనిపించాలి. గుంటూరు జీజీహెచ్‌లోనో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో మానసిక వైద్య విభాగం ఓపీ దగ్గర బెంచీల మీద పొద్దున్నుంచీ కూర్చునేది ఇంటివాళ్లే. అక్కడ డాక్టరు గారితో, సోషల్ వర్కరుతో ముందుగా మాట్లాడండి. మీ ఫోన్ నంబరు, కలిసే రోజు రాసిన చిన్న చీటీ ఇవ్వండి. ఎవరికి ఇవ్వాలో వాళ్లే ఆ కుటుంబాన్ని అడిగి ఇస్తారు. రోగుల పేర్లు, నంబర్లు మీరు ఎప్పుడూ అడగకండి. సెక్షన్ 23 ప్రకారం ఆ వివరాలు గోప్యం.

వార్డు సచివాలయంలో ఏఎన్ఎం గారికి, ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచండి. ఏ ఇంట్లో తలుపులు ఎప్పుడూ మూసి ఉంటాయో, ఏ అమ్మాయి ఇంటర్ మధ్యలో మానేసి బయటికి రావడం లేదో వాళ్లకు తెలుసు. మందుల షాపు ఆయనకు కూడా చీటీలు ఇవ్వొచ్చు. నాలుగు కుటుంబాలు దొరకడానికి మాకు అయిదు నెలలు పట్టింది. తొందరపడి సంఖ్య పెంచకండి.

మూడో అడుగు: చోటు, పేరు

గుడి మండపంలో పెడితే ముస్లింలు, క్రైస్తవులు మొహమాటపడతారు. ఆస్పత్రిలో పెడితే సెలవు రోజు కూడా ఆస్పత్రికేనా అనిపిస్తుంది. ఒకరి ఇంట్లో పెడితే ఆ ఇంటివాళ్ల మీద భారం పడుతుంది. ఆదివారం ఖాళీగా ఉండే స్కూలు గది మాకు సరిపోయింది. హెడ్‌మాస్టారి అనుమతి లేఖ ఒకటి దగ్గర పెట్టుకోండి.

బోర్డు మీద 'మానసిక రోగుల కుటుంబ సంఘం' అని రాయకండి. మేం 'రెండో ఆదివారం' అని పిలుచుకుంటాం. "ఎక్కడికమ్మా?" అని పక్కింటివాళ్లు అడిగితే "రెండో ఆదివారం మీటింగుకి" అంటే సరిపోతుంది. ఇది సిగ్గుపడి దాచడం అని కొందరు నాతో వాదించారు. కొత్తగా వచ్చేవాళ్లకు గుమ్మం ఎంత తక్కువ ఎత్తుంటే అంత మంచిదని నా అభిప్రాయం. పేరు గట్టిగా చెప్పుకునే రోజు వాళ్లకు వాళ్లే తెచ్చుకుంటారు.

నాలుగో అడుగు: మొదటి సమావేశం

మొదటి సమావేశం సరిగా జరగకపోతే రెండోది ఉండదు. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

గంటన్నర చాలు. కుర్చీలు గుండ్రంగా వేయండి. టేబులు, మైకు, ముఖ్య అతిథి, దండలు వద్దు. ముందు మజ్జిగో టీయో ఇవ్వండి, చేతిలో గ్లాసు ఉంటే మనిషికి కొంచెం ధైర్యం. తర్వాత నియమాలు చదవండి. మావి ఇవి: ఇక్కడ విన్న మాట ఈ గది దాటకూడదు, ఇంట్లో భార్యకో భర్తకో కూడా పేర్లతో చెప్పకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. మందుల పేర్లు, మోతాదులు ఒకరికొకరు చెప్పకూడదు, మీ వాడికి పనిచేసింది మా వాడికి హాని చేయొచ్చు. ఏ డాక్టరునీ ఆస్పత్రినీ పేరు పెట్టి తిట్టకూడదు. "మీ పెంపకం వల్లే" అన్న మాట ఈ గదిలో ఎవరూ అనకూడదు.

ఆ చివరి నియమం చదివినప్పుడు మా మొదటి సమావేశంలో ఇద్దరు తల్లులు ఒకేసారి కొంగు కళ్లకు అద్దుకున్నారు. అత్తగారు, ఆడపడుచు, పక్కింటావిడ, ఆఖరికి కట్టుకున్నవాడు కూడా ఆ మాటే అన్నారట. "గారాబం ఎక్కువైంది", "కొట్టి పెంచితే ఇలా అయ్యేవాడు కాదు". ఈ జబ్బులు పెంపకం లోపంతో వచ్చేవి కావు. మెదడు పనితీరు, వంశపారంపర్యంగా వచ్చే బలహీనత, జీవితంలో పడిన ఒత్తిడి, కొందరిలో గంజాయి లాంటి మత్తు, ఇవన్నీ కలిసి వచ్చేవి. ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

తర్వాత ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు. మాట్లాడేవాళ్లను ఎవరూ ఆపకూడదు. మాట్లాడడం ఇష్టంలేనివాళ్లు "నేను వింటాను" అంటే చాలు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఆ రోజు మూడుసార్లు "నేను వింటానండి" అన్నారు. లేవబోయే ముందు నేలకేసి చూస్తూ "మా అబ్బాయి నన్ను కొడతాడు" అన్నారు. పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. ఎవరూ సలహా ఇవ్వలేదు. పక్కనున్న పిన్నిగారు ఆయన గ్లాసులో మళ్లీ మజ్జిగ పోసి, "మావాడూ అంతే అన్నయ్యగారూ" అన్నారు. నెల తిరిగాక మాస్టారు తనే ముందొచ్చి కుర్చీలు వేశారు.

మాటల సంగతి కూడా ఆ రోజే తేల్చుకోండి. 'పిచ్చోడు', 'మెంటల్', 'వీణ్ణి ఎర్రగడ్డ పంపాలి' లాంటివి మన నోట్లో కూడా నానిపోయాయి. మేం 'మావాడికి ఒంట్లో బాలేదు' అన్నట్టే 'మనసు బాలేదు' అంటాం. డాక్టరు చెప్పిన జబ్బు పేరు తెలిస్తే ఆ పేరే అంటాం.

అయిదో అడుగు: నెలకొక్క సంగతి నేర్చుకోవడం

మూడు నెలలకోసారి ఒక సైకియాట్రిస్టునో, సైకాలజిస్టునో, సైకియాట్రిక్ సోషల్ వర్కరునో పిలవండి. మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థులను అడిగినా వస్తారు. ప్రసంగం వద్దని ముందే చెప్పండి. అందరి ప్రశ్నలూ పేర్లు లేకుండా చీటీల మీద రాయించి ఒక డబ్బాలో వేసి ఆయన చేతికివ్వండి. గదిలో అడగలేని ప్రశ్నలు, పెళ్లి చేయొచ్చా, పిల్లలకు వస్తుందా, సంసారం సంగతేంటి, ఆ చీటీల్లోనే వస్తాయి.

మందుల గురించి ప్రతి కుటుంబానికీ తెలియాల్సినవి కొన్ని. సైకోసిస్‌కు (లేని గొంతులు వినపడడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం లాంటి స్థితికి), డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. పది రోజుల్లో మార్పు లేదని మానేయకూడదు. బాగైపోయాడని సొంతంగా ఆపేయడం వల్లే ఎక్కువమందికి జబ్బు తిరగబెడుతుంది. బరువు పెరగడం, చొంగ కారడం, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం లాంటివి మందుల ప్రభావాలు కావచ్చు. వీటిని డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. చెప్పకుండా మాత్రలు డస్ట్‌బిన్‌లో పడేస్తే డాక్టరు గారు ఆ మందు పనిచేయలేదనుకుంటారు. కొన్ని మందులతో షుగరు, కొలెస్టరాలు పెరుగుతాయి, వాటికి రక్త పరీక్షలు మర్చిపోకండి.

మన ఊళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో తెలిసిందే. బైపోలార్ జబ్బుకు (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు విపరీతమైన దిగులు వచ్చే జబ్బు) లిథియం అనే మందు వాడేవాళ్లకు ఆ ఎండలు నిజంగా ప్రమాదం. చెమట ఎక్కువ పట్టి, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఉపవాసాలు ఉండాలనుకుంటే ముందే డాక్టరును అడగాలి. ఒళ్లు నొప్పులని ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు సొంతంగా వేయకూడదు, వాటివల్ల కూడా లిథియం పెరుగుతుంది. సైకోసిస్ మందుల్లో కొన్ని ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. మేం ఏటా ఏప్రిల్ సమావేశం మొత్తం దీనికే కేటాయిస్తాం.

వరద కూడా మనకు పాఠం నేర్పింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు అక్కడివాళ్లు రోజుల తరబడి నీళ్ల మధ్య ఉండిపోయారు. పాలు, మంచినీళ్లు దొరకని చోట ఈ మందులు ఎక్కడ దొరుకుతాయి? అప్పటి నుంచి మా బృందంలో ప్రతి ఇంట్లో పదిహేను రోజుల మందు జిప్ కవరులో పెట్టి, బీరువా పై అరలో ఉంచుతున్నాం. మందు చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉంటుంది. చీటీ లేకుండా ఈ మందులు ఇవ్వరు.

ఇక ఇంట్లో మాట తీరు. ఎవరికీ వినపడని గొంతులు తనకు వినపడుతున్నాయని మావాడు అన్నప్పుడు "అదంతా నీ భ్రమ" అని వాదించేవాళ్లం. ఇంకా రెచ్చిపోయేవాడు. "అవునురా, నాకూ వినపడుతోంది" అని తల ఊపినా మంచిది కాదు. "నాకు వినపడడం లేదురా. కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది. కాసేపు నీ పక్కన కూర్చోనా?" అనడం నేర్చుకున్నాం. ఆ మూడు వాక్యాలు నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఇంటి వాతావరణానికీ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం ఉందని 1950ల నుంచి లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన తోటివాళ్లు చేసిన అధ్యయనాల్లో తేలింది. అస్తమానం తప్పులెంచడం, ద్వేషించడం, లేదా ఊపిరాడనంతగా మీదపడి చూసుకోవడం ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. జబ్బు పుట్టించేది ఇల్లు కాదు గానీ, తగ్గాక నిలబెట్టడంలో ఇంటి చెయ్యి ఉంది. మూడోదాన్ని మన తల్లులకు చెప్పడం కష్టం. ముప్పై ఏళ్ల కొడుక్కి అన్నం కలిపి ముద్దలు పెట్టడం ప్రేమే. కానీ తన కంచం తను కడుక్కోగలిగితే కడుక్కోనివ్వాలి.

ఆరో అడుగు: కష్టం వచ్చిన రాత్రికి ముందే సిద్ధపడడం

ప్రతి కుటుంబం చేత ఒక కార్డు రాయించండి. మనిషి పేరు, జబ్బు, వాడే మందులు, పడని మందులు, డాక్టరు నంబరు, మాట వినే ఒక మనిషి నంబరు, ఏం చేస్తే కుదుటపడతాడు, ఏం చేస్తే రెచ్చిపోతాడు. మా కార్డులో 'గట్టిగా పట్టుకోవద్దు, లైట్లు తగ్గించండి, చిన్నమామయ్యకు ఫోన్ చేయండి' అని ఉంటుంది. ఒంట్లో బాగున్నప్పుడు వాడితోనే రాయించాం. చట్టం కూడా ఇదే అవకాశం ఇస్తోంది. తనకు ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే రాసుకునే హక్కు సెక్షన్ 5లో, తన తరఫున నిర్ణయాల్లో తోడుండే నామినీ ప్రతినిధిని ఎంచుకునే హక్కు సెక్షన్ 14లో ఉన్నాయి.

కార్డు వెనక నంబర్లు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ లైనుకు ఇంటివాళ్లు కూడా చేసుకోవచ్చు. అంబులెన్సుకు 108, ప్రాణాపాయం ఉంటే 112.

చనిపోతానన్న మాట వస్తే "అలాంటి మాటలు మాట్లాడకు" అని నోరు మూయించకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, దాచుకున్న బరువు కాస్త దిగుతుంది. ఒంటరిగా వదలకండి. మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు తాళం వేసి ఇంటి బయట, వీలైతే పొలంలో ఇంకొకరి దగ్గర ఉంచండి. ఆ గడియ దాటించగలిగితే చాలా ప్రాణాలు నిలబడతాయి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం సెక్షన్ 115 చెబుతోంది. కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి.

రావడానికి ఒప్పుకోకపోతే, తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం ఉన్నప్పుడు సెక్షన్ 89 కింద నామినీ ప్రతినిధి దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, ముప్పై రోజుల వరకు చేర్చుకోవచ్చు. వీధుల్లో తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. అది సెక్షన్ 100. ఈ రెండు సెక్షన్లూ తెలుగులో ఒక కాగితం మీద రాసి స్టేషన్‌కు ఇచ్చి రండి. గొడవ జరిగిన రాత్రి కాకుండా, మామూలు రోజున వెళ్లండి. మేం వెళ్లినప్పుడు ఒక ఎస్ఐ గారు కూర్చోబెట్టి, "ఇంతకుముందు ఎవరూ వచ్చి చెప్పలేదమ్మా" అన్నారు.

ఏడో అడుగు: కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక జబ్బు ఒకటి. మీసేవలోనో సచివాలయంలోనో స్లాటు తీసుకుని, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లాలి. అక్కడ మన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. పదిమందిలో పరువు పోతుందని "అన్ని పనులూ వాడే చేసుకుంటాడండి" అంటారు. డాక్టర్లు చూసేది నాలుగు సంగతులు: తన పనులు తను చేసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడడం, ఉద్యోగమో ఇంటిపనో చేయగలగడం. ఎన్నేళ్లుగా జబ్బుందో కూడా లెక్కలోకి వస్తుంది. వెళ్లే ముందు రెండు వారాలు ఇంట్లో ఏం జరిగిందో రాసి పట్టుకెళ్లండి. అతిశయోక్తి వద్దు, దాపరికమూ వద్దు. వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టొచ్చు. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు రూ. 6,000 అయింది. మిగతా అర్హతలు సచివాలయంలో అడగండి.

ఆరోగ్య బీమాలో ఒంటి జబ్బుతో సమానంగా మానసిక జబ్బుకూ వైద్యం ఖర్చు ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 21 చెబుతోంది. కంపెనీ కాదంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. న్యాయ సహాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా దొరుకుతుంది. బృందంలో ఇద్దరు ఈ కాగితాల పని బాగా నేర్చుకుని మిగతావాళ్లకు తోడు వెళితే చాలు. మాకు ఆ పని లెక్కల మాస్టారు చూస్తారు.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు వీధిలోకి

ఏడాది గడిచి, గదిలో పది పన్నెండు కుటుంబాలు కుదురుకున్నాక బయటికి వెళ్లండి. అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం మంచి సందర్భమే. కానీ ఏడాది పొడుగునా చిన్న చిన్నవి చేయడం మేలు: సచివాలయంలో అరగంట, ఆటో స్టాండులో పావుగంట, ఇంటర్ కాలేజీ హాస్టల్ వార్డెన్లతో ఒక మధ్యాహ్నం. మన రెండు ఊళ్లూ హాస్టళ్ల ఊళ్లు. పదహారేళ్ల పిల్లాడు నాలుగు రోజులుగా నిద్రపోవడం లేదని, మెస్‌కు రావడం లేదని మొదట చూసేది వార్డెనే. అది మార్కుల టెన్షన్ అని వదిలేయకుండా ఇంటికి ఫోన్ చేయమని అడగండి. పెద్ద మానసిక జబ్బుల్లో చాలావరకు మొదలయ్యేది ఈ వయసులోనే.

రోగులను స్టేజీ ఎక్కించి చూపించకండి. వాళ్లే మాట్లాడాలనుకుంటే మాట్లాడతారు. అనుమతి లేకుండా ఫొటోలు, వివరాలు మీడియాకు ఇవ్వకూడదని సెక్షన్ 24లో ఉంది. మేం మాట్లాడేది మా ఇళ్ల అనుభవం: నాన్నగా, అక్కగా, భార్యగా.

గాలి సోకిందని, చేతబడి జరిగిందని నమ్మేవాళ్లతో గొడవ పెట్టుకోకండి. మా అమ్మ మావాడికి మూడు తాయెత్తులు కట్టించింది, రెండు దర్గాలు తిప్పింది. ఆవిడ తప్పు చేసిందని నేను అనను, ఎక్కడికెళ్లాలో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. గుడి పూజారికి, దర్గా పెద్దకు, పాస్టరుకు మేం ఒకటే విన్నపం చేస్తాం: "మీ దగ్గరికొచ్చినవాళ్లకు మీ ప్రార్థన చేయండి, దాంతోపాటు ఆస్పత్రికి కూడా వెళ్లమని చెప్పండి, వాడే మందు మానమని మాత్రం చెప్పకండి." నేను వెళ్లిన చోట్ల ఎక్కువమంది ఒప్పుకున్నారు. కట్టేయడం దగ్గర మాత్రం మెత్తబడొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నందుకే 28 మంది పారిపోలేక కాలిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడం సెక్షన్ 95 కింద నిషేధం. ఎక్కడైనా కనిపిస్తే ఇంటివాళ్లను తిట్టకుండా, ఆ రోజే సచివాలయానికి, డాక్టరుకు చెప్పి వైద్యం అందేలా చూడండి. కట్టేసిన తండ్రి కూడా చాలాసార్లు భయంతోనే కట్టేసి ఉంటాడు.

తొమ్మిదో అడుగు: నిలబెట్టుకోవడం

వాట్సాప్ గ్రూపు పెడితే అందులో మీటింగు తేదీ తప్ప ఏమీ వేయొద్దు. చీటీలు, ఫొటోలు, "ఈ ఆకు రసంతో పూర్తిగా నయం" లాంటివి కనిపించిన వెంటనే తీసేయండి. డబ్బు వసూలు వద్దు. టీ ఖర్చు వంతులవారీగా పెట్టుకోండి. ఒక్కరి మీదే భారం పడితే ఆ మనిషి అలసిపోయిన రోజు బృందం ఆగిపోతుంది. అందుకని ఆర్నెల్లకోసారి నడిపేవాళ్లను మార్చండి. చూసుకునేవాళ్ల ఒంటి సంగతి కూడా అడగండి. "అక్కయ్యా, నీ బీపీ మాత్ర వేసుకున్నావా?" అనేది మా గదిలో అందరినీ అడిగే ప్రశ్న.

ఎన్ని నెలలు గడిచినా ప్రతి తల్లీ తండ్రీ చివరికి చేరేది ఒకే ప్రశ్నకు: మా తర్వాత వీడికెవరు? దీన్ని తప్పించుకోకుండా ఏటా ఒక సమావేశం పూర్తిగా దీనికే పెట్టండి. వీలునామా, పింఛను, నామినీ ప్రతినిధి, బ్యాంకు ఖాతా, ఇవన్నీ మాట్లాడాలి. ప్రభుత్వోద్యోగం చేసినవాళ్లు మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు కుటుంబ పింఛను ఎలా వస్తుందో సర్వీసులో ఉండగానే కనుక్కోవాలి. కాగితాలతో పాటు అలవాటు కూడా కావాలి. అమ్మ లేని ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోని మనిషి, అమ్మ పోయాక ఎలా ఉంటాడు? అందుకని మేం ఇళ్లు మార్చుకుంటాం. మొదట ఒక మధ్యాహ్నం భోజనం, తర్వాత ఒక పూట, తర్వాత ఒక రాత్రి. కార్డూ, మందులూ కవరులో పెట్టి వాడి చేతికే ఇచ్చి పంపుతాం.

మొన్న సంక్రాంతికి నేను, అమ్మ మూడు రోజులు తెనాలి వెళ్లాం. మావాడు ఆ మందుల షాపులో కలిసిన నాన్నగారింట్లో ఉన్నాడు. రెండో రోజు రాత్రి మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను. వేసుకున్నానని చెప్పి, "అక్కా, ఇక్కడ ముద్దపప్పులో నెయ్యి బాగా వేస్తున్నారు. మీరు కావాలంటే ఇంకో రెండు రోజులు ఉండి రండి" అన్నాడు.